ఊగని బల్ల మీద ఒక ఫిర్యాదు

ఇంట్లో ఊగే బల్ల ఒకటి ఉండాలి. ఇది నా సరదా కాదు, గృహస్థ ధర్మం. ఏ కాలు పొట్టిదో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. ఆ కాలి కింద పాత పెళ్లిపత్రిక ఒకటి నాలుగు మడతలు పెట్టి దూర్చి ఉండాలి. చుట్టం వచ్చి మోచెయ్యి ఆనించగానే చాయ్ సాసర్లోకి దుమకాలి. అప్పుడు ఇంటి యజమాని గొంతు సవరించుకుని, "ఆ వడ్లాయన చేసిన నిర్వాకం చూసిండ్రా?" అని ఎత్తుకుని, వాడు బయానా తీసుకున్న రోజు నుంచి కథ చెప్పుకురావాలి. చెప్పుకోవడానికి ఒక బల్ల, తిట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నంతకాలం ఆ ఇంటికి ఏ లోటూ లేనట్టే.

నా ఇంట్లోంచి ఆ రెండూ ఒకేసారి పోయాయి. దోషి ఒక ప్లైవుడ్ ముక్క. జానెడు వెడల్పు, మూరెడు పొడవు, నడుమ ఒక చీలిక, కింద రెండు చెక్క గోడలు. జిగ్ అంటారు మా మామ. వడ్లోళ్లు ఫర్మా అంటారు. నేను ఏమంటానో పత్రికలో అచ్చు వేయరు.

మామ గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఆయన బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు దగ్గరుండి కట్టించిన ఆ చెరువు నీళ్లు కాలువల్లో పారితే, వర్ని, కోటగిరి, ఎడపల్లి దాకా చెరుకు లేచింది. 1937లో ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలోనే పెద్దదని పేరు పడింది. చెరుకు నరికాక ఆలస్యమైతే తూకమూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. కాబట్టి క్రషింగ్ మొదలైతే పగలూ రాత్రీ మిషన్ ఆగకూడదు. ఆ నెలల్లో ఫిట్టరుకు ఆలోచించే తీరిక ఉండదు, పరిగెత్తడమే. ఎండాకాలం మొదలై గానుగ ఆగాక ప్రతి బోల్టూ విప్పి, తుడిచి, అరిగింది మార్చి మళ్లీ బిగించాలి. ఆలోచనంతా అప్పుడే. వచ్చే సీజన్‌లో ఒకే పని వందసార్లు చేయాల్సి వస్తుందేమో, దానికి ఇప్పుడే ఒక గేజీ, ఒక జిగ్ చేసి పెట్టుకుందామా అన్న జబ్బు ఫిట్టర్లకు ఆఫ్ సీజన్‌లోనే పట్టుకుంటుంది. మా మామకు అది ముదిరింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి లేఆఫ్ తాళం పడింది. మళ్లీ తెరుస్తామన్న మాట ఎన్నికలొచ్చినప్పుడల్లా గానుగాడుతుంది కానీ చెరుకు ఆడలేదు. అప్పటికే రిటైరైన మామకు జీతం నష్టం లేదు. కానీ శక్కర్‌నగర్ మొత్తం ఆఫ్ సీజన్‌లో పడిపోయాక అక్కడ ఉండబుద్ధి కాక, ఆయన తన ఆఫ్ సీజన్‌ను మూటగట్టుకుని నిజామాబాద్‌లో మా ఇంటికి తెచ్చారు.

తెచ్చినవారు ఊరకే ఉంటారా? రెంజల్ వైపు మా పాత పెంకుటిల్లు కూల్చినప్పుడు దిగిన టేకు దూలాలు వెనక వరండాలో ఉన్నాయి. "అల్లుడూ, వీటితోటి మంచి బల్ల చేస్త, జర ఆగుండ్రి" అన్నారు. వడ్లాయనను పిలుద్దాం మామా అన్నాను. ఆయన నన్ను చూసిన చూపులో, షిఫ్టు సైరన్ మోగాక గేటు దగ్గరికి వచ్చిన బదిలీ కూలీని చూసే ఫోర్‌మన్ కనిపించాడు.

బల్ల అంటే ఏముంది? నాలుగు కాళ్లు, వాటిని కలిపే నాలుగు అడ్డపట్టీలు. ప్రతి పట్టీ కొనను సన్నగా చెక్కి కుసి తీయాలి, ప్రతి కాలికి రెండు పక్కలా బెజ్జాలు తొలవాలి, కుసి బెజ్జంలో దూరాలి. లెక్కకు ఎనిమిది బెజ్జాలు. మనిషి చాలా పాతకాలం నుంచి చేస్తున్న పని ఇది. జర్మనీలో లైప్జిగ్ దగ్గర తవ్వకాల్లో 7,000 ఏళ్ల నాటి బావుల అడుగున ఓక్ చెక్కల చట్రాలు దొరికాయి. రాతి పనిముట్లతో తొలిచిన బెజ్జాలూ కుసులూ వాటిలో ఉన్నాయి. రాతి ఉలితో అయిన పని ఉక్కు ఉలితో కాదా అని నా వాదన. పైగా మన చెరుకు బండి చక్రం చూడండి. నడిమి గుండుకు చుట్టూ బెజ్జాలు. ఒక్కో దాంట్లో ఒక్కో ఆకు కొంచెం ఒరిగి కూర్చోవాలి, లేకపోతే ఇనుప పట్టా ఎక్కించాక చక్రం నిలవదు. ఆ చక్రాలు టన్నుల చెరుకును బురద దారిలో శక్కర్‌నగర్ దాకా మోశాయి. "మామా, ఆ చక్రాలు చేసినాయన దగ్గర ఏ ఫర్మా ఉండె?" అని నిలదీశాను. గెలిచాననే అనుకున్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "కొలకర్ర ఉండె కదా. గుండు చుట్టు గుర్తులు పెట్టెతందుకు ఒకటి, ఆకు వాలు చూసెతందుకు ఇంకోటి. గవి ఫర్మాలు కావా?" అన్నారు. ఇట్లాంటి జవాబులు ఇచ్చే మనిషితో ఒకే కప్పు కింద ఉండటం ఎంత కష్టమో అనుభవిస్తే తెలుస్తుంది.

ఫర్మా టేకుతో చేయకూడదట. కొయ్య వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మన నిజామాబాద్ మే నెల ఎండకు మనుషులే ముడుచుకుంటున్నారు, కొయ్య ఒక లెక్కా? ప్లైవుడ్‌లో పొరలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం అతికిస్తారు కనుక అది కదలదు. మంచి ప్లైవుడ్ ఇంట్లో ఎక్కడుంది? నా అల్మారాలో ఉంది. సర్వీసంతా దాచుకున్న గెజిట్లు, సర్క్యులర్లు మోస్తున్న 18 మిల్లీమీటర్ల అడుగు అర ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతుండగా బయటికొచ్చి, నేను లేచేసరికి రెండు ముక్కలై, నడుమ చీలిక కోయించుకుని, నాకేసి చూస్తోంది.

ఆ చీలిక కొలత మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. చెక్కను తొలిచే రూటర్ మిషన్‌కు పట్టిన బిట్టు మందం 10 మిల్లీమీటర్లు. పట్టీ మందం 30 కనుక అందులో మూడో వంతు కుసికి, ఆ కుసి పట్టే బెజ్జానికీ అంతే. ఇంతవరకు న్యాయమే. మిషన్ అడుగున బిట్టు చుట్టూ ఒక కాలరు ఉంటుంది, దాని బయటి కొలత 16. కాలరు ప్లైవుడ్ చీలికను రాసుకుంటూ పోతుంటే లోపల బిట్టు తన పని తాను చూసుకుంటుంది. బెజ్జం పొడవు 60 రావాలి. కాబట్టి చీలిక 66 కోశారు. ఆరు ఎందుకు పెరిగింది మామా అంటే, కాలరుకు బిట్టుకు తేడా ఆరు, ఒక్కో కొనన మూడు అన్నారు. అడ్తి దుకాణంలో పసుపు బస్తాకు తరుగు ఎందుకు తీశావయ్యా అంటే గుమాస్తా కూడా ఇంతే నిబ్బరంగా లెక్క చెబుతాడు. ఇద్దరి లెక్కా తప్పు పట్టలేను, అదే బాధ.

ఇక మిషన్ ఆడటం మొదలైంది. నిమిషానికి 20,000 చుట్లకు పైమాట. ఒక్క ఊపులో 30 మిల్లీమీటర్ల లోతుకు దించేస్తే అయిపోయేదానికి అలా చేయరు. బిట్టు కాలుతుంది, కాలరు చీలికలోంచి ఎగిరితే బిట్టు ఫర్మానే తినేస్తుంది. అందుకని నాలుగైదు మిల్లీమీటర్ల చొప్పున దించుతారు. అంటే ఆ రొద కిస్తుల్లో వస్తుంది. బెజ్జానికి ఆరేడు కిస్తులు, ఎనిమిది బెజ్జాలు, మధ్యలో కాలు విప్పి మార్చి మళ్లీ బిగించే విరామాలు. ఆ విరామంలో "అయిపోయింది" అని మీరు పేపరు విప్పుతారు. మీరు విప్పారని మిషన్‌కు తెలుస్తుంది.

మెలికల బిట్టు బెజ్జంలోని పొట్టునంతా పైకి తోడిపోస్తుంది. బెజ్జానికి మంచిదేనట. పైకి వచ్చిన పొట్టు ఎక్కడికి పోతుందన్నది ఫిట్టరు పరిధిలోకి రాని విషయం. టేకు పొట్టు ముక్కుకు పడదు. తుమ్మితే మనిషిది బలహీనత, మిషన్‌ది కాదు. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది కనుక మామూలు ఉక్కు అంచు త్వరగా మొద్దుబారుతుందని, కార్బైడ్ బిట్టు కావాలని తెప్పించారు. ఖర్చు నాది. పాత దూలంలో ఎక్కడో తాతల నాటి మేకు ఒకటి దాక్కుని ఉంటే ఆ బిట్టు కొన చిట్లుతుంది కదా? అందుకని ఫ్రిజ్ మీద తిరుపతి నుంచి తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి అయస్కాంతం దూలాల మీద ప్రదక్షిణలు చేస్తోంది. స్వామి మూడు మేకులు పట్టిచ్చాడు కూడా. మా అత్తమ్మ దాన్ని మహిమగా లెక్కేసుకుంది. ఇక ఆ ఇంట్లో నా మాటకు విలువ ఎక్కడ?

ఈ ఘోరం మీద సోమవారం కలెక్టరేట్‌కు పోయి ప్రజావాణిలో అర్జీ పెట్టుకుందామని కూర్చున్నాను. ఏ శాఖ పేర రాయాలి? రొద అని రాద్దామంటే పగటి పూటే ఆడుతోంది. కరెంటు అని రాద్దామంటే బిల్లు నా పేరునే వస్తోంది. చెట్టు కొట్టారని రాద్దామంటే, వాల్టా చట్టానికి ముందే పుట్టి, పెరిగి, దూలమై, ఇల్లు మోసి, రిటైరైన టేకు అది. అల్మారా అర అపహరణ అంటే దొంగ పేరు రాయాలి, దొంగ పేరు రాస్తే నా పెళ్లి సంగతి బయటికొస్తుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పాత బల్ల ఉండి ఉంటే కనీసం కాలి కింద పెట్టేవాణ్ని.

మామ ఊరుకోక నన్ను విద్యావంతుణ్ని చేసే పని కూడా పెట్టుకున్నారు. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ ఓడల రేవులో తెరచాప తాళ్లకు వేల కప్పీలు కావాల్సి వచ్చేవి. ప్రతి కప్పీకి కొయ్యలో బెజ్జం తొలవాలి. మార్క్ బ్రూనెల్ అనే ఆయన ఆలోచిస్తే హెన్రీ మాడ్‌స్లే అనే ఆయన యంత్రాలు చేశాడు. 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు తీశారు. 110 మంది చేసే పనిని 10 మంది చేశారు. "చూసిండ్రా అల్లుడూ, గదీ ఫర్మా బలం" అన్నారు. చూస్తూనే ఉన్నాను. మా ఇంట్లో లెక్క ఎదురు తిరిగింది. ఒక్కరు చేయాల్సిన పనికి ఒకరు టార్చి పడతారు, ఒకరు వైరు ఎత్తి పట్టుకుంటారు, ఒకరు పొట్టు ఊడుస్తారు, ఒకరు చాయ్ పెడతారు, ఒకరు ఇవన్నీ చూసి బాధపడతారు. ఆ ఆఖరి ఉద్యోగం పర్మినెంటు, నాది.

అయినా ఇవన్నీ పైపై కష్టాలు. అసలు దెబ్బ తరవాత తగిలింది.

మొదటి కాలు తీసి స్కేలు పెట్టి చూశాను. చూడటం నా హక్కు, ప్లైవుడ్ నాది. బెజ్జం కాలికి నడిమధ్య లేదు. అర మిల్లీమీటరు పక్కకు పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు ఒక తప్పు, నిఖార్సైన తప్పు, స్కేలు మీద కనిపించే తప్పు! ముఖం గంభీరంగా పెట్టి, "మామా, ఇది పక్కకు పోయింది" అన్నాను. ఆయన చూశారు. "అవు, పోయింది" అన్నారు. ఒప్పుకున్నారు! తరవాతి మాట వినండి. "పోనీయుండ్రి. అన్నీ గట్లనే పోతయ్."

పోయాయి. ఎనిమిదికి ఎనిమిదీ అర మిల్లీమీటరే, అదే పక్కకు. ప్రతి కాలికీ, ప్రతి పట్టీకీ బయటి వైపు ఆయన పెన్సిలుతో ఒక గుర్తు గీశారు. అది దాని ముఖం. ఫర్మా గోడ ఎప్పుడూ ఆ ముఖానికే ఆనాలి. కుసులు కోసేటప్పుడూ కొలత ఆ ముఖం నుంచే. అప్పుడు నాలుగు పట్టీలూ నాలుగు కాళ్ల దగ్గరా ఒకే అర మిల్లీమీటరు పక్కకు జరిగి, చక్కగా, సమానంగా, ఏ కంటికీ ఆనకుండా కూర్చుంటాయి. ఏ ఒక్క కాలినో తిప్పి వెనక ముఖం ఆనించావా, అక్కడ అర మిల్లీమీటరు ఇటు, ఇక్కడ అర అటు, తేడా మిల్లీమీటరై పట్టీ వంకర పోతుంది. అంటే ఒక్కడు తప్పు చేస్తే తప్పు. అందరూ ఒకే తీరుగా, ఒకే వైపు తిరిగి చేస్తే దాని పేరు సెట్టింగ్. ఈ సూత్రం మీద నడిచే కార్యాలయంలోనే నేను సర్వీసంతా చేశాను, కొత్తదేం కాదు. అది కొయ్యలో కూడా పనిచేస్తుందని తెలియకపోవడమే.

గమనించండి, ఇందులో నేను తిట్టదగిన మనిషి ఎక్కడున్నాడు? వెనక వడ్లాయన ఉలి పట్టి తొలిస్తే ఎనిమిది బెజ్జాలు ఎనిమిది రకాలుగా ఉండేవి. ఒకటి వదులు, ఒకటి బిగువు, ఒకటి వాలు. వదులైన చోట పుల్లముక్క దిగ్గొట్టి, ఫెవికాల్‌లో పొట్టు కలిపి పూసి, "ఆరితే రాయి లెక్క అయితది" అనేవాడు. ఆరేది. వానాకాలం వచ్చేది. ఊగేది. కబురు పెడితే రేపొస్తాననేవాడు. ఆ రేపు ఎంత పెద్దది! ఎన్ని సాయంత్రాలు, ఎందరు చుట్టాలు, ఎంత చాయ్! ఇప్పుడు ప్లైవుడ్ ముక్కను పట్టుకుని ఏమనాలి? రేపొస్తానని కూడా అనదు. ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది.

చివరి ఆశ ఒకటి మిగిలింది. రూటర్ బిట్టు గుండ్రంగా తిరుగుతుంది కనుక బెజ్జం కొనలు గుండ్రంగా వస్తాయి. కుసి మాత్రం రంపంతో కోసింది, మూలలు చదరం. చదరం గుండ్రంలో దూరదు. ఇది చూడటానికే పాత వడ్లాయనను పనిగట్టుకుని పిలిపించాను. వచ్చాడు, చూశాడు, నేను కోరుకున్నట్టే నవ్వాడు. "మిషన్ గుండ్రంగ తొలిచె. ఇగ మూలలకు ఉలి పట్టాల్సిందే గద పెద్దసారూ" అన్నాడు. నేను గోడకు ఆనుకుని వినోదం చూస్తున్నాను. మామ ఆకురాయి తీశారు. బెజ్జాన్ని చదరం చేయకుండా కుసి మూలలనే రుద్ది గుండ్రం చేశారు. నాలుగు రుద్దులకు ఒక మూల. కుసిని బెజ్జంలో పెట్టి అరచేత్తో నొక్కారు. అది మెల్లగా, గాలి బయటికి నెట్టుకుంటూ దిగింది. తలకిందులుగా ఎత్తి పట్టుకుంటే జారలేదు. జిగురు ఇంకా పెట్టనే లేదు.

వడ్లాయన నవ్వు ఆగిపోయింది. చెప్పులు విప్పి కూర్చున్నాడు. తర్వాత గంటసేపు వాళ్లిద్దరూ మాట్లాడుకున్న భాష నాకు సగమే అర్థమైంది: సూతలు, కాలర్లు, క్లాంపులు, ఏ బిట్టు ఎంత లోతుకు నిలుస్తుంది. పీఎం విశ్వకర్మ కింద పేరు రాయించుకుని శిక్షణకు పోతే రోజుకు 500, పనిముట్లకు 15,000 ఇచ్చారని, అందులో మిషన్ అయితే వచ్చింది కానీ ఈ ఉపాయం రాలేదని వడ్లాయన వాపోయాడు. నా ఇంట్లో కూర్చుని, నా చాయ్ తాగుతూ, నా మనిషి ఆవలి పక్షంలో చేరిపోయాడు. పోతూ పోతూ ఫర్మా చంకలో పెట్టుకుపోయాడు. ఏదో హాస్టల్‌కు మంచాల ఆర్డరుందట, కాళ్లన్నిటికీ బెజ్జాలే బెజ్జాలట.

నేను వ్యవహారం తెలిసినవాణ్ని కనుక ఇక్కడైనా న్యాయం జరగాలని, మా ప్లైవుడ్‌తో పని త్వరగా అవుతోంది కదా, మా వంటింటి తలుపు బాగుచేసే కూలీలో అంత తగ్గించు అన్నాను. వాడు నావైపు జాలిగా చూశాడు. "పని జల్ది అయితది గని పైసలు జల్ది ఎట్ల తగ్గుతయ్ సార్? బిట్టు ఖర్చు లేదా? కరెంటు లేదా? ఉలితోటి చేస్తే మీరే వంకర అంటిరి. గిప్పుడు సక్కగ చేస్తుంటె తక్కువ ఇస్తనంటరు" అన్నాడు. పోనీ ఫర్మాకు కిరాయి ఇమ్మన్నాను. మామ మధ్యలోకి వచ్చి, వర్క్‌షాపు సామాను కిరాయికియ్యరు, ఇది ఫ్యాక్టరీ పద్ధతి అన్నారు. ఫ్యాక్టరీకి తాళం పడి ఏళ్లయిందని నేను అనబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

బల్ల పూర్తయింది. హాల్లో ఉంది. ఊగదు. ఈమధ్య ఒక బంధువు వచ్చి మోచెయ్యి ఆనించి, చాయ్ తాగి, ఎన్నికలు మాట్లాడి, వెళ్లిపోయాడు. బల్ల మాటే ఎత్తలేదు. నేను రెండుసార్లు అంచు మీద తట్టాను కూడా.

వడ్లాయన ఫర్మా తిరిగి ఇవ్వలేదు. అడిగితే రేపిస్తానన్నాడు. ఆ మాట చెవిన పడగానే నాలో పాత ఉత్సాహం లేచింది. ఇంకో నెల గడిస్తే మంచి కథ తయారవుతుందని లోలోపల లెక్కలేసుకుంటున్నాను. ఇంతలో మామ, "వాని దగ్గరనే ఉండనీయుండ్రి, పని నడుస్తుంది గద. మనకు ఇంకోటి చేసుకుందం. ఈసారి చీలిక పొడుగు తగ్గించుకునేటట్టు, పెంచుకునేటట్టు స్టాపరు పెడ్త" అని నా అల్మారా రెండో అర బయటికి లాగారు. గెజిట్లు ఇప్పుడు మంచం కింద ఉన్నాయి. పొద్దున గునియా పట్టుకుని అల్మారా తలుపు కొలుస్తున్నారు. అరలు లేని అల్మారాకు తలుపెందుకని మా ఆవిడ కూడా ఆయన వైపే మాట్లాడుతోంది.